కాపర్‌బెల్ట్‌లో వర్క్‌షాప్ మేనేజర్‌గా వచ్చాను, ఫోర్‌మన్ నాతో మాట్లాడటం మానేశాడు. ఏం చేయాలి?

కిట్వే_గాజువాక | ఆగస్టు 11, 2025

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది గాజువాక. విశాఖలో పద్నాలుగేళ్ళు మెయింటెనెన్స్‌లో పనిచేసి మే నెలలో జాంబియా వచ్చాను. ఇక్కడి రాగి గనుల ప్రాంతమైన కాపర్‌బెల్ట్‌లో, కిట్వేలో గనులకు పంపులు, గేర్‌బాక్సులు బాగుచేసిచ్చే కాంట్రాక్టు కంపెనీలో వర్క్‌షాప్ మేనేజర్‌ని. నా కింద 46 మంది. ముగ్గురు ఇండియా వాళ్ళు, మిగతా అందరూ ఇక్కడివాళ్ళు.

జరిగింది చెబుతాను. జూలై చివర్లో ఒక స్లరీ పంపు, అంటే బురదనీళ్ళు తోడేది, మూడు రోజులు ఆలస్యమైంది. గని నుంచి ఫోన్ మీద ఫోన్. పొద్దున ఆరున్నరకు, పని మొదలయ్యే ముందు జరిగే టూల్‌బాక్స్ మీటింగులో అందరి ముందూ ఫోర్‌మన్‌ని నిలదీశాను. ఆయనకు 57 ఏళ్ళు, నాకు 38. ఆయనేదో చెప్పబోతే "సాకులు వద్దు, సాయంత్రానికి పంపు బయటికి పోవాలి" అన్నాను. తల దించుకుని "యెస్ బ్వానా" అన్నాడు. బ్వానా అంటే దొర అన్నట్టు.

ఇవాళ్టికి పదకొండు రోజులు. ఏది అడిగినా "యెస్ బ్వానా" తప్ప ఇంకో మాట లేదు. మిగతావాళ్ళదీ అదే వరస. చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు, చెప్పనిది ముట్టుకోవడం లేదు. విశాఖలో పొద్దున అరుచుకున్నా సాయంత్రం టీ దగ్గర కలిసిపోయేవాళ్ళం. ఇక్కడ ఆ టీ ఏదో నాకు అంతుపట్టడం లేదు.

రెండో సంగతి. హెచ్‌ఆర్ నాకు ఒక అండర్‌స్టడీని, అంటే నా పని నేర్చుకుని తర్వాత నా చోట చేయాల్సిన మనిషిని, అప్పగించింది. 29 ఏళ్ళ కుర్రాడు, ఇక్కడి కాపర్‌బెల్ట్ యూనివర్సిటీలో మెకానికల్ చదివాడు, చురుకైనవాడు. "అన్నీ చెప్పేయకు, నీ కుర్చీకే ఎసరు" అని తోటి ఇండియా వాళ్ళు హెచ్చరిస్తున్నారు. నిజంగానే ఏం చేయాలో తెలియక అడుగుతున్నాను.

---

గాబరోన్_గుంటూరు | ఆగస్టు 11

బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను 1988 నుంచి 2019 దాకా బోట్స్వానాలో రోడ్ల ఇంజనీరుగా పనిచేశాను. జాంబియా వేరే దేశం, బెంబా వేరే భాష. అయినా నీకు పనికొస్తుందని నా మొదటి రోజు సంగతి చెబుతాను.

గాబరోన్‌లో దిగిన మర్నాడు ఆఫీసు గుమ్మం దగ్గర కాపలా పెద్దాయన "దుమేలా ర్రా" అన్నాడు. ఆ చివరి "రా" నా చెవికి మన "రా"లాగే వినిపించింది. ఒళ్ళు మండి, జవాబివ్వకుండా లోపలికి పోయాను. వారం తర్వాత తెలిసింది, సెట్స్వానాలో "ర్రా" అంటే అయ్యా, "మ్మా" అంటే అమ్మా. తండ్రి వయసు మనిషి నన్ను అయ్యా అని పలకరిస్తే నేను మొహం తిప్పుకుని వెళ్ళాను. ఆయన మాత్రం ఏడు రోజులూ అదే పలకరింపు మానలేదు.

పలకరింపు అక్కడ పనికి ముందుమాట కాదు, పనిలో భాగం. మీటింగులోకి వస్తూనే "ఆ రిపోర్టు ఏమైంది" అని అడిగితే, మన పెళ్ళింట్లో అడుగుపెడుతూనే "భోజనాలు ఎప్పుడు" అని అడిగినట్టు ఉంటుంది. ఎలా లేచారు, ఇంట్లో ఎలా ఉన్నారు అని ఒక్కొక్కరినీ అడగాలి, జవాబు వినాలి.

మరో మాట. బోట్స్వానా ఊళ్ళలో ఖోట్లా అని ఉంటుంది, మన రచ్చబండ లాంటిది. ఊరి పెద్ద ముందు మాట్లాడడు, అందరూ మాట్లాడాక చివర మాట్లాడతాడు. "ఖోసి కే ఖోసి కా మొరాఫె" అంటారు: జనం ఉంటేనే రాజు రాజు. నువ్వు ఆరున్నర మీటింగులో మొదట మాట్లాడావు, ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆయన నోట మాట రాకపోవడం అక్కడ మొదలైంది.

తల దించుకున్నాడని రాశావు. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడకపోవడం ఆ ప్రాంతాల్లో మర్యాద. దాన్ని తప్పు ఒప్పుకోవడంగా లెక్కేసుకోకు.

---

టెటె_గోదావరిఖని | ఆగస్టు 12

తమ్మీ, నేను గోదావరిఖనోన్ని. మా నాయిన ముప్పై రెండేండ్లు బొగ్గు బాయిల పనిచేసిండు. నేను మొజాంబిక్‌ల టెటె దగ్గర, మొవాటిజె బొగ్గు గనుల ఆరేండ్లు షిఫ్ట్ ఇంజనీరుగ ఉన్న. ఎండ సంగతి అడుగకు, మా రామగుండం ఎండ ఎట్లనో గట్లనే.

నీ లెక్కనే నేనూ ఒర్రిన. రాత్రి షిఫ్టుల డంపర్ ఆపరేటర్ మీద, పది మంది ముంగట. మర్నాడు ఎనిమిది మంది డ్యూటీకి రాలే. ఎవ్వలూ సమ్మె అనలే, కాగితం ఇయ్యలే. నిశ్శబ్దంగ రాలే.

అప్పుడు మా నాయిన ఫోన్ల ఒక్క ముచ్చట జెప్పిండు. "బాయిల సర్దార్‌ను ఓవర్‌మన్ అందరి ముంగట తిడితే, ఆ దినం సర్దార్ కప్పు మంచిగ చూస్తడా? చూడడు. కప్పు కూలితే పోయేది అందరి పానం." మన దగ్గర యూనియన్ ఉండె, ఒర్రినోన్ని నిలబెట్టి అడిగెటోళ్ళు. నువ్వున్న కాడ గా చరిత్ర ఇంకా పెద్దది. 1935ల కాపర్‌బెల్ట్ గని కార్మికులు పన్ను పెంచిన్రని సమ్మె జేస్తే లువాన్షాల కాల్పులు జరిగి ఆరుగురు సచ్చిపోయిన్రు. లువాన్షా నీకు ఎంత దూరం? గంట తొవ్వ. మీ ఫోర్‌మన్ తాత ఆ కాలపు మనిషే. "బ్వానా" అన్న మాట ఆ ఇండ్లల్ల ఊకనే పుట్టలే. ఆయన నిన్ను బ్వానా అంటుండంటె గౌరవం ఇస్తుండు అనుకోకు, దూరం పెడుతుండు.

నా మాట: అందరి ముంగట తిట్టినవ్, అందరి ముంగటనే తప్పైందని చెప్పు. రేపే చెప్పు.

---

గాబరోన్_గుంటూరు | ఆగస్టు 12

గోదావరిఖని తమ్ముడి మాటలో న్యాయముంది. కానీ వరస మారాలి. ముందు చెప్పకుండా పదిమందిలో క్షమాపణ అడిగితే, ఆ పెద్దాయన అక్కడికక్కడే "పర్వాలేదు" అనక తప్పదు. అది మళ్ళీ ఇంకో ఒత్తిడి. ముందు ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ఒకరు మధ్యలో ఉండాలి. ఆయన ద్వారా కబురు వెళ్ళాలి. తర్వాత పదిమందిలో.

---

లుసాకా_లెక్కల_టీచర్ | ఆగస్టు 12

తమ్ముడూ, నాది అనంతపురం, జాంబియాలో పదహారేళ్ళు. ఇప్పుడొక ప్రైవేటు స్కూల్లో డిప్యూటీ హెడ్‌ని.

మీరు ఆయన్ని ఏమని పిలుస్తున్నారు? పేరు పెట్టి పిలుస్తుంటే రేపట్నుంచి మానేయండి. మనం పేరు వెనక "గారు" పెడతాం, బెంబాలో పేరు ముందు "బా" పెడతారు. అంతే తేడా. ఇంకా దగ్గరితనం ఉంటే పిల్లల పేరుతో పిలుస్తారు, ఫలానావాళ్ళ నాన్న, ఫలానావాళ్ళ అమ్మ అని. మా తాతగారి ఊళ్ళోనూ ఆడవాళ్ళను అలాగే పిలిచేవారు, కాబట్టి నాకు అది అలవాటు కావడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. పొద్దున "మ్వాపోలేని ముక్వాయి" అనండి. ఉచ్చారణ తప్పితే వాళ్ళే దిద్దుతారు, దిద్దేటప్పుడు మాట కలుస్తుంది.

మధ్యాహ్నం ఎక్కడ తింటున్నారు? ఇండియా వాళ్ళు ముగ్గురూ ఒక గదిలో, మిగతావాళ్ళు షెడ్డు కింద అయితే, మీరు వెతుకుతున్న "టీ" అక్కడే ఉంది. న్షీమా మా రాయలసీమ సంకటికి తోబుట్టువు, మొక్కజొన్న పిండితో చేస్తారు. చేతులు కడుక్కోవడానికి గిన్నెలో నీళ్ళు తెస్తారు, చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకుని తింటారు. శాకాహారమైనా ఇబ్బంది లేదు. గుమ్మడాకు, చిలగడదుంప ఆకు, వేరుశనగ పొడి వేసి వండుతారు. మార్కెట్లో "లుమాండా" అని అడగండి, పుల్లటి ఆకు. మొదటిసారి నోట్లో పెట్టుకున్నప్పుడు గోంగూర అని అర్థమై నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పనికి సంబంధించిన మాట కూడా ఒకటి. ఇక్కడి చట్టాలు చదవండి. నా మొదటి ఏడాది ఒక టీచరు పొద్దున్నే ఫోన్ చేసి "ఇవాళ మదర్స్ డే తీసుకుంటున్నా" అంది. మే నెల కాదే అని నేను వాదించాను. జాంబియాలో ఉద్యోగం చేసే ప్రతి స్త్రీకి నెలకో రోజు ఆ సెలవు ఉంది. 2019 ఎంప్లాయ్‌మెంట్ కోడ్ చట్టంలో రాశారు. డాక్టరు చీటీ అక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. నేను వాదించినందుకు ఆమె నాతో ఒక టర్మంతా ముభావంగా ఉంది. నెలసరి బాధ తెలిసిన ఆడదాన్నై ఉండి అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

---

డర్బన్_కోడలు | ఆగస్టు 14

రాజమండ్రి నుంచి డర్బన్ తెలుగు కుటుంబంలోకి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు. హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. పైన అందరూ మర్యాద గురించి రాశారు. నేను రెండు గట్టి మాటలు రాస్తాను, తప్పుగా అనుకోకండి.

ఒకటి. మీరు ముగ్గురు ఇండియా వాళ్ళు స్థానికుల ముందు తెలుగులోనో హిందీలోనో మాట్లాడుకుంటున్నారా? మానేయండి. పంపు గురించే మాట్లాడుకున్నా, ఎదుటివాళ్ళకు తమ గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ప్రవాస మేనేజర్ల మీద మాటిమాటికీ వినేది ఇదే. తిట్టాడు అన్నదానికన్నా ఇదే ఎక్కువ నొప్పితో చెబుతారు.

రెండు. మీకు దక్షిణాఫ్రికాలో ఉద్యోగం వస్తే, ఇక్కడి నాయుళ్ళను, రెడ్లను చూసి "మనవాళ్ళే" అనుకుని చనువు తీసుకోవద్దు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి 342 మందిని డర్బన్‌లో దించింది. చెరకు తోటల్లో కూలీలుగా వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో. మా మామగారి ముత్తాత అలాంటి ఓడలోనే వచ్చాడు. ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఇక్కడ తెలుగు నేర్పుతోంది. ఈ ఇళ్ళలో దేవుడి పాటలు తెలుగులోనే పాడతారు, కానీ మనసు ఇక్కడిది, వర్ణవివక్ష కాలంలో ఇళ్ళు పోగొట్టుకున్న బాధ ఇక్కడిది. నిన్న వచ్చిన ఇండియా మేనేజరు "మీ ఊరేది, మీ కులమేంటి" అని అడిగితే మా ఆయన మొహం ఎలా మారుతుందో నేను చూశాను.

ఉద్యోగంలోంచి తీసేస్తానని ఎవరినీ నోటిమాటగా బెదిరించకండి. ఇక్కడ విచారణ లేకుండా తీసేస్తే ఆ ఉద్యోగి ముప్పై రోజుల్లోగా సీసీఎంఏకి, అంటే ఉద్యోగ వివాదాలు తేల్చే సంస్థకి, వెళ్తాడు, ఒక్క రూపాయి ఫీజు లేకుండా. జాంబియా చట్టం కూడా సరైన కారణం చూపించాలి, ఆయన మాట వినాలి అంటుంది.

---

జోబర్గ్_ఐటీ | ఆగస్టు 15

అందరూ పెద్దవాళ్ళు, నన్ను క్షమించండి, కానీ అసలు భయం గురించి ఎవరూ రాయడం లేదు. నేను ఇంట్రా-కంపెనీ ట్రాన్స్‌ఫర్ వీసా మీద జొహన్నెస్‌బర్గ్‌లో ఉన్నాను. నాలుగేళ్ళు, పొడిగింపు లేదు. స్థానికుడికి పని నేర్పుతానని కంపెనీ ప్లాన్ కాగితం పెడితేనే వీసా వచ్చింది. మియాపూర్‌లో ఫ్లాటు లోను, ఇద్దరు పిల్లలు, నాన్నకు డయాలసిస్. నేను నేర్పిన రోజున నా అవసరం తీరిపోతుంది. మంచితనం ముఖ్యమే, నాకూ తెలుసు. కానీ మన ఇంటి పొయ్యి కూడా వెలగాలి కదా. కిట్వే అన్నా, మీ తోటివాళ్ళు చెప్పింది నాకు తప్పనిపించలేదు.

---

గాబరోన్_గుంటూరు | ఆగస్టు 16

నాయనా, నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది? నీ భయం నాకు కొత్త కాదు. దీనికి కాస్త వివరంగా రాయాలి.

బోట్స్వానా 1966లో స్వతంత్రమైనప్పుడు ప్రపంచంలో అతి పేద దేశాల్లో ఒకటి. మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. ఆ డబ్బుతో బళ్ళు, ఆసుపత్రులు, రోడ్లు కట్టుకున్నారు. మనుషులు చాలక మాలాంటివాళ్ళను కాంట్రాక్టు మీద పిలిచారు. పిలిచిన రోజే చెప్పారు, మీ కుర్చీలో మా మనిషి కూర్చునేదాకా అని. లోకలైజేషన్ అంటారు. ఒక్కొక్కరికీ ఒక కౌంటర్‌పార్ట్‌ని ఇచ్చేవారు.

నా కౌంటర్‌పార్ట్ ఒక టెక్నీషియన్. మొదటి రెండేళ్ళు నేను చేసిన పని చెబుతాను. లెక్కలన్నీ నా బ్రీఫ్‌కేసులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. అతను అడిగితే సగం చెప్పేవాణ్ణి. అప్పుడు నాకూ గుంటూరులో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉన్నాయి.

మూడో ఏట కలహారి వైపు ఒక రోడ్డు పని వచ్చింది. అదంతా ఇసుక. రోడ్డు అడుగున వేయడానికి రాయి దొరకదు. కాల్క్రీట్ అని సున్నపు రాయిలాంటిది అక్కడక్కడ భూమిలో ఉంటుంది, దాన్ని వెతికి తవ్వాలి. నేను మ్యాపులు పట్టుకుని మూడు వారాలు గోతులు తవ్వించాను. ఏమీ లేదు. అతను ఒక సాయంత్రం నన్ను బండిలో తీసుకెళ్ళి ఒక పొద చూపించి "ఇది ఉన్నచోట కింద కాల్క్రీట్ ఉంటుంది ర్రా" అన్నాడు. చిన్నప్పుడు ఆ దారిలో పశువులు కాశాడట. మర్నాడు తవ్వితే ఉంది. మూడు వారాలు ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలేదు" అన్నాడు. కాసేపాగి, "మీరు కూడా నాకు అన్నీ చెప్పరు కదా" అన్నాడు.

ఆ రాత్రి బ్రీఫ్‌కేసు తెరిచి కాగితాలన్నీ అతని టేబుల్ మీద పెట్టాను. అతను తర్వాత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద డిగ్రీ చేసొచ్చాడు. 1997లో నాకు పై అధికారి అయ్యాడు. మొదటి నెల కష్టంగానే గడిచింది. నేను పెన్సిల్ పట్టుకోవడం నేర్పినవాడి దగ్గరికి లీవు కాగితం పట్టుకుని వెళ్ళాను. అతను లేచి నిలబడి సంతకం చేశాడు. నేను పక్కన ఉంటే పని చురుగ్గా సాగుతుందని అతనే రాసి, నా కాంట్రాక్టును నాలుగుసార్లు పొడిగించాడు.

అందరికీ ఇలా జరుగుతుందని నేను చెప్పను. దాచుకున్నవాళ్ళూ వెళ్ళిపోయారు, నేర్పినవాళ్ళూ వెళ్ళిపోయారు. తేడా ఏమిటంటే, దాచుకున్నవాళ్ళను మళ్ళీ ఎవరూ పిలవలేదు. నీకు నాలుగేళ్ళ గడువు తేదీతో సహా తెలుసు. నువ్వు నేర్పినా నేర్పకపోయినా ఆ తేదీ మారదు. నీ తర్వాతి ఉద్యోగానికి సాక్షి చెప్పేవాడు ఇప్పుడు నీ పక్క కుర్చీలో ఉన్నాడు.

---

జోబర్గ్_ఐటీ | ఆగస్టు 16

నాన్న నిలకడగానే ఉన్నారు అంకుల్, అడిగినందుకు థాంక్స్. మీరన్నది ఆలోచిస్తాను. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను.

---

లుసాకా_లెక్కల_టీచర్ | ఆగస్టు 17

జోబర్గ్ తమ్ముడికి ఇంకో వైపు కూడా చెప్పాలి. మన ప్యాకేజీ సంగతి వాళ్ళకు తెలుసు. ఇల్లు, బండి, ఏడాదికోసారి టిక్కెట్లు, పిల్లల స్కూలు ఫీజు. అదే పని చేసే స్థానికుడికి అవేవీ ఉండవు. పోయినేడాది కరువుకి కరీబా జలాశయం అడుగంటి రోజులో ఎక్కువ భాగం కరెంటు లేనప్పుడు, కంపెనీ మా ఇళ్ళకు జనరేటర్లు పెట్టింది. మా స్కూలు క్లర్కు ఇంట్లో పిల్లలు కొవ్వొత్తి వెలుగులో పరీక్షలకు చదివారు. ఆ పిల్లల్ని సాయంత్రాలు స్కూల్లోనే కూర్చోబెట్టి చదివించుకోమని నేను గొడవపడి అనుమతి తెచ్చాను. అంతకుమించి నాకు చేతకాలేదు. ఆ తేడాకి బదులుగా మన దగ్గర ఇవ్వడానికి ఉన్నది పనే కదా. అది కూడా దాచుకుంటే వాళ్ళు మనల్ని ఎందుకు భరించాలి?

---

కిట్వే_గాజువాక | ఆగస్టు 29

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. చేసింది చేసినట్టు చెబుతాను.

మా స్టోర్‌కీపర్ పెద్దావిడ, ఫోర్‌మన్‌తో పాతికేళ్ళ పరిచయం. గుంటూరు బాబాయిగారు చెప్పినట్టు ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక్క మాట అనకుండా అంతా విని, నన్ను స్టోర్‌లోకి తీసుకెళ్ళి ఒక బేరింగ్ పెట్టె చూపించింది. ఆ పంపుకోసం వచ్చిన బేరింగ్. పెట్టె మీద ముద్ర సరిగా లేదు, బేరింగ్ మీద అంకెలు వంకరగా చెక్కి ఉన్నాయి. నకిలీ సరుకు. ఫోర్‌మన్ దాన్ని చేత్తో తిప్పి చూసి అనుమానం వచ్చి పక్కన పెట్టాడు, వేరేది తెప్పించమని స్టోర్‌లో రాయించాడు. మూడు రోజుల ఆలస్యం అందుకు. మీటింగులో ఆయన చెప్పబోయింది అదే.

ఆ నకిలీది బిగించి పంపితే గని లోపల ఎక్కడో పంపు పట్టేసేది. నీళ్ళు తోడటం ఆగేది. గోదావరిఖని అన్న రాసిన "కప్పు కూలడం" ఆ క్షణంలో గుర్తొచ్చింది.

ఆవిడే ఆయన్ని పిలిచింది. ముగ్గురం స్టోర్‌లో కూర్చున్నాం. నేను తప్పు చేశానని చెప్పాను, ఎందుకు తప్పో కూడా చెప్పాను. ఆయన చాలాసేపు నేల చూస్తూ ఉండి "సరే" అన్నాడు. మర్నాడు ఆరున్నర మీటింగులో పంపు సంగతి అందరికీ చెప్పి, ఆయన సరిగ్గా చేశాడు, నేను వినలేదు అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఏమీ లేదు. అందరూ పనికి వెళ్ళిపోయారు. తొమ్మిదింటికి ఆయన నా గదికి వచ్చి, ఒక గేర్‌బాక్స్ శబ్దం బాగా లేదు, వచ్చి వినమన్నాడు. ఆ నెలలో ఆయనంతట ఆయన నా గదికి రావడం అదే మొదటిసారి.

---

టెటె_గోదావరిఖని | ఆగస్టు 29

మంచిగ జేసినవ్ తమ్మీ. స్టోర్‌ల సరుకు తీసుకునేటప్పుడే చూసెటట్టు ఒక పద్ధతి పెట్టుండ్రి. ఆ పెద్దాయననే దానికి పెట్టు. గాబరోన్ పెద్దాయన చెప్పిన వరసే కరెక్టు, నా వరస కాదు. రేపే చెప్పమన్న. రేపే చెప్పుంటె బేరింగ్ సంగతి నీకు తెల్వకపోవు.

---

డర్బన్_కోడలు | ఆగస్టు 30

ఎందుకు తప్పో కూడా చెప్పారు చూశారా, అది చాలామంది చెప్పరు.

---

కిట్వే_గాజువాక | అక్టోబరు 6

మళ్ళీ వచ్చాను. ఇది ప్రశ్న కాదు, మీతో చెప్పుకోవాలనిపించి.

పోయిన వారం మా ఫిట్టర్ ఒకరి తల్లి చనిపోయింది. ఇక్కడ చావు జరిగితే ఇంటి దగ్గర జనం రాత్రిళ్ళు కూడా ఉండిపోతారు, అంత్యక్రియలు అయ్యేదాకా. వర్క్‌షాప్ నుంచి ఒక్కసారిగా తొమ్మిది మంది సెలవు అడిగారు. జూలైలో అయితే నేను లెక్క వేసుకునేవాణ్ణి, తల్లి ఒకరిది, తొమ్మిది మందికి సెలవెందుకని. ఫోర్‌మన్‌ని అడిగాను ఎలా సర్దుదామని. ఆయన వరసలు వేసి ఇచ్చాడు, ఎవరు పగలు, ఎవరు రాత్రి అని. ఒక్క పనీ ఆగలేదు. ఆ చీటీ చివర నా పేరు కూడా రాశాడు, శుక్రవారం రాత్రికి.

వెళ్ళాను. ఆడవాళ్ళు లోపల నేల మీద కూర్చుని పాడుతున్నారు. మగవాళ్ళు బయట మంట చుట్టూ. కంపెనీ తరఫున మొక్కజొన్న పిండి బస్తాలు, కట్టెలు పంపాం. నాకు స్టూల్ తెచ్చారు, ఫోర్‌మన్ పక్కన వేశారు. తెల్లవారేదాకా ఎక్కువ మాటలేమీ లేవు. ఒంటిగంట దాటాక ఆయన మా అమ్మ గురించి అడిగాడు. చెప్పాను, మోకాళ్ళ నొప్పులు, జనవరిలో ఆపరేషన్ అని. ఆయన తన తండ్రి గురించి చెప్పాడు, న్కానా గనిలో లోపల పనిచేసేవాడట. విశాఖలో మా నాన్న పోయినప్పుడు వాకిట్లో షామియానా కింద రాత్రంతా ఎవరెవరు కూర్చున్నారో నాకు ఇప్పటికీ ఒక్కొక్కరి పేరూ గుర్తు. ఆ ఫిట్టర్‌కి కూడా గుర్తుంటుంది.

అండర్‌స్టడీ విషయం: గురువారం ప్లానింగ్ మీటింగు పూర్తిగా అతనికి అప్పగించాను. మొదటి వారం తడబడ్డాడు, నా వైపు చూశాడు. గుంటూరు బాబాయిగారి ఖోట్లా గుర్తుపెట్టుకుని నేను చివరిదాకా నోరు విప్పలేదు. నాలుగో వారానికి నా వైపు చూడటం మానేశాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు మనసు కాస్త చివుక్కుమంది. బయటి కంపెనీలకు ధర కట్టి పంపే షీటు మాత్రం ఇంకా అతనికి చూపించలేదు. అది చూపిస్తే నా దగ్గర ఇంకేమీ మిగలదనిపిస్తోంది.

---

గాబరోన్_గుంటూరు | అక్టోబరు 7

ఆ షీటే నీ బ్రీఫ్‌కేసు. తొందరేమీ లేదు. నాకు రెండేళ్ళు పట్టింది.

జనవరిలో అమ్మగారి ఆపరేషన్‌కి వెళ్తున్నావుగా, ఎన్ని రోజులు?

---

కిట్వే_గాజువాక | అక్టోబరు 7

నాలుగు వారాలు బాబాయిగారూ. సంక్రాంతి కూడా కలిసొస్తుంది. ఆ నాలుగు వారాలు అతనే చూసుకోవాలి.

---

గాబరోన్_గుంటూరు | అక్టోబరు 7

అయితే ఆ షీటు జనవరికి ముందే అతని చేతిలో ఉండాలి. నాలుగు వారాల్లో ధర అడిగేవాళ్ళు వస్తారు. వెళ్ళాక రోజూ ఫోన్ చేయకు.

---

జోబర్గ్_ఐటీ | నవంబరు 19

చాలా రోజులకు ఈ థ్రెడ్ మళ్ళీ చదివాను. నా దగ్గర ఉన్న ప్రొడక్షన్ సర్వర్ల పాస్‌వర్డులు, రాత్రిపూట ఏది ఎలా ఆపి మళ్ళీ మొదలుపెట్టాలో రాసుకున్న నోట్సు, ఇవాళ టీమ్‌లోని అమ్మాయికి ఇచ్చాను. ఇక్కడి సొవెటో పేట అమ్మాయి. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకే నా దగ్గర సమాధానం లేదు, ఇద్దరం కలిసి వెతికాం. లోను ఇంకా ఉంది, భయం ఇంకా ఉంది. అంకుల్‌కి చెప్పాలనిపించింది.

---

లుసాకా_లెక్కల_టీచర్ | నవంబరు 20

ఇక్కడ వానలు మొదలయ్యాయి. జోబర్గ్ తమ్ముడూ, నాన్నగారికి మా నమస్కారాలు.

---

కిట్వే_గాజువాక | జనవరి 17, 2026

గాజువాక నుంచి రాస్తున్నాను. అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది, నిన్న వాకర్ పట్టుకుని వరండా దాకా నడిచింది. డిసెంబరు 12న ఆ షీటు కుర్రాడికి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు ఫోర్‌మన్‌ని కూడా కూర్చోబెట్టాను, ఏ పనికి నిజంగా ఎన్ని గంటలు పడుతుందో నాకన్నా ఆయనకు ఎక్కువ తెలుసు కాబట్టి. ఆయన రెండు అంకెలు మార్పించాడు.

వచ్చి తొమ్మిది రోజులైంది. రెండుసార్లు ఫోన్ చేయబోయి ఆగాను. ఈ ఉదయం అతని దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది. అమ్మగారు ఎలా ఉన్నారు, రాత్రి నిద్ర పట్టిందా, అన్నం తింటున్నారా అని మూడు లైన్లు. ఫోర్‌మన్, స్టోర్ పెద్దావిడ అడిగారని ఒక లైను. అక్కడ బాగా వానలని ఒక లైను. పని గురించి ఏమైనా ఉంటుందేమోనని కిందికి జరిపి చూశాను. ఏమీ లేదు. జవాబు రాయడం మొదలుపెట్టాను, అతని కూతురికి జ్వరం తగ్గిందా అని.